రంగం వెళ్లిన కోరంగి

కాకినాడలో యానాం బస్సెక్కితే అరగంటలో వస్తుంది కోరంగి. కునుకు తీశారంటే ఊరు దాటిపోతారు. అంత చిన్నది!

దిగినవాళ్లలో ఎక్కువమంది వచ్చేది మడ అడవి చూడటానికే. బురదలోంచి ఊపిరి తీసుకోవడానికి పైకి పొడుచుకొచ్చే వేళ్లు, వాటి మధ్య చెక్కబాట, కాలువలో పడవ షికారు, అదృష్టం బాగుంటే ఓ నీటిపిల్లి. నల్లమడ, తెల్లమడ, తిల్ల... పేర్లు చదువుకుంటూ పిల్లలు ఫొటోలు దిగుతారు. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. ఆదివారం గడపడానికి బాగుంటుంది.

కానీ ఈ ఊరికి ఇంకో ఘనత ఉంది. అడవి చూసి వెళ్లేవారిలో చాలామందికి అది తెలియదు. సుమారు వందేళ్ల కిందట బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, రంగూన్‌లో తెలుగువాడు కనిపిస్తే అక్కడివాళ్లు ‘కోరంగీ’ అని పిలిచేవారు. శ్రీకాకుళం వాడైనా కోరంగే, విశాఖ వాడైనా కోరంగే, గోదావరి వాడైనా కోరంగే. ఊరి పేరు ఓ జాతి పేరైంది. తమాషా ఏమిటంటే, ఆ పిలుపు జోరుగా వినిపించే నాటికి అసలు కోరంగి రేవు పని అయిపోయింది!

మూడు అలలు

ఇక్కడ రేవు ఉండేదంటే ఇవాళ నమ్మడం కష్టం. సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. మధ్యలో అంతా మడ అడవి, బురద, పాయలు. కానీ 18వ శతాబ్దంలో గౌతమీ గోదావరి పాయ మీద ఉన్న కోరంగి, తూర్పు తీరంలో పేరున్న రేవుల్లో ఒకటి. ఓడలు సరుకు దించుకోవడమే కాదు, మరమ్మతులకూ ఇక్కడికే వచ్చేవి. పక్కనే తాళ్లరేవులో ఓడలు కట్టే పని. కాస్త దూరంలో ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరం, యానాంలో ఫ్రెంచివాళ్లు, కాకినాడ పక్కన జగన్నాథపురంలో డచ్చివాళ్లు. పట్టుమని పాతిక కిలోమీటర్లలో మూడు యూరప్ దేశాలు గోదావరి బట్టల కోసం కాచుక్కూర్చున్నాయన్నమాట.

1789 డిసెంబరులో ఉప్పెన వచ్చింది. ‘సైక్లోన్’ అనే మాటను ప్రపంచానికిచ్చిన హెన్రీ పిడింగ్టన్ దీని గురించి రాశాడు. ఒకదాని వెనుక ఒకటిగా మూడు అలలు. మొదటిది ఓడల్ని ఒడ్డుకు విసిరేసింది. రెండోది పొలాల్ని ముంచింది. మూడోది మిగిలిన దాన్నంతా ఊడ్చుకుపోయింది. చనిపోయినవారు 20 వేల మందని లెక్క చెబుతారు.

జనం మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. యాభై ఏళ్లు తిరిగేసరికి 1839 నవంబరు 25న మరో ఉప్పెన. నలభై అడుగుల ఎత్తున నీరు లేచిందని, మూడు లక్షల మంది పోయారని, 20 వేల పడవలు ముక్కలయ్యాయని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. మూడు లక్షలన్నది మాత్రం కాస్త అనుమానంగానే చూడాల్సిన అంకె. ఆనాడు ఆ చుట్టుపక్కల అంతమంది ఉండేవారా అన్నదే ప్రశ్న. అంకె ఏదైనా, కోరంగి మాత్రం ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు.

ఉప్పెనలు చంపగా మిగిలిన రేవును గోదావరి పూడ్చేసింది. నది ఏటా తెచ్చిపోసే ఒండ్రుతో పాయ మేటవేసింది. పెద్ద ఓడలు లోపలికి రావడం మానేశాయి. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. కాకినాడకు ఎదురుగా ఇసుక మేటలతో పెరిగిన హోప్ ఐలాండ్ అలల్ని అడ్డుకుంటూ ఆ కొత్త రేవుకు గోడలా నిలిచింది. ఒక రేవును చంపిన ఇసుకే ఇంకో రేవును కాపాడింది!

ఒకే ఏడు... రెండు డెల్టాలు

1852 తెలుగువాళ్లు గుర్తుపెట్టుకునే సంవత్సరం. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది అప్పుడే. కాటన్ దొర పుణ్యమా అని గోదావరి డెల్టా పచ్చబడింది.

అదే 1852లో ఇంగ్లీషువాళ్లు రెండో యుద్ధంలో గెలిచి దిగువ బర్మాను కలిపేసుకున్నారు. రంగూన్‌తో పాటు ఇరావతి నది డెల్టా వాళ్ల చేతికొచ్చింది. అప్పటికి అక్కడ వరి సాగయ్యేది ఏడెనిమిది లక్షల ఎకరాల్లోనే. మిగతాదంతా అడవి, చిత్తడి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో యూరప్‌కు బియ్యం పంపడం తేలికైంది. ఇక చూడాలి... 1930ల నాటికి అక్కడ వరి 80 లక్షల ఎకరాలు దాటింది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే నేలగా మారింది బర్మా.

పొలం పెరిగితే సరిపోదు. ధాన్యం మిల్లాడించాలి, బస్తాలు మోయాలి, ఓడకెక్కించాలి. పెద్ద ఊరు తయారైతే దాని వీధులు ఊడవాలి, మలం ఎత్తాలి, రిక్షా లాగాలి. బర్మా రైతుకు పొలం దొరుకుతున్నప్పుడు ఈ పనులకు ఎందుకొస్తాడు? కూలీలు కావాలి. చవగ్గా కావాలి.

వాళ్లు దొరికిన చోటు మన ఉత్తర కోస్తా. కాటన్ నీళ్లు గోదావరి దాటి పైకి రాలేదు కదా. విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో వాన పడితే పంట, లేకపోతే పస్తు. భూమి చూస్తే జమీందార్లది. 1866లో ఒరిస్సాతో పాటు గంజాంనూ పీల్చి పిప్పి చేసిన కరవు జనం మనసుల్లో పచ్చిగానే ఉంది. ముందు కోతల కాలంలో గోదావరి డెల్టాకు నడిచి వెళ్లడం అలవాటైంది. తర్వాత ఓడెక్కి ఇరావతి డెల్టాకు వెళ్లడం అలవాటైంది. ఒక డెల్టాలో కోత కూలి, ఇంకో డెల్టాలో మిల్లు కూలి. దూరం పెరిగింది, పని మాత్రం ధాన్యం చుట్టూనే.

కోరంగి పేరు వాళ్లకు ఎందుకు అంటుకుందంటే, ఆవలి ఒడ్డువాళ్లకు ముందు నుంచీ తెలిసిన తెలుగు రేవు అది. తెలుగు సరంగులు, ఓడలు అక్కణ్నుంచి వచ్చేవి. తర్వాత వచ్చినవాళ్లు ఏ రేవులో ఎక్కినా పాత పేరే ఖాయమైంది. మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన తొలితరం తెలుగువాళ్లనూ అక్కడ ఇదే పేరుతో పిలిచేవారు.

మేస్త్రీ వచ్చాడు

ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్ అని ఎవరూ అనేవారు కాదు. ‘రంగం’ అనేవారు. ‘మావాడు రంగం ఎల్లాడు’ అంటే చాలు, మిగతాది ఊరికి అర్థమైపోయేది.

ఈ ప్రయాణానికి సూత్రధారి మేస్త్రీ. కూలీగా వెళ్లి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాడే మేస్త్రీగా తిరిగొచ్చేవాడు. ఒంటి మీద కొత్త చొక్కా, చేతిలో గొడుగు. పదిమందిని కూడగట్టి ఓడ ఛార్జీ తనే పెట్టుకుంటానని చెప్పేవాడు. ఇంట్లో ఖర్చుకు కాస్త అడ్వాన్సు కూడా చేతిలో పెట్టేవాడు. ఆ అడ్వాన్సే ఉచ్చు. రంగంలో జీతం మిల్లు యజమాని దగ్గర్నుంచి నేరుగా కూలీ చేతికి రాదు. మేస్త్రీ చేతి మీదుగా రావాలి. ఆయన తన కమీషన్, అప్పు, వడ్డీ పట్టుకుని మిగిలింది ఇస్తాడు. మిగలకపోతే ఇంకో సీజన్ ఉండిపోవాలి. 1929లో భారత కార్మికుల స్థితిగతులు తెలుసుకోవడానికి వేసిన రాయల్ కమిషన్ బర్మా దాకా వెళ్లి ఈ మేస్త్రీల పద్ధతిని కూడా పరిశీలించింది.

కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్... బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఇలా ఒక్కో రేవునూ తాకుతూ వెళ్లేవి. ‘రేవు’ అన్నమాటే గానీ వీటిలో చాలాచోట్ల స్టీమర్ ఒడ్డుకు రాలేదు. లోతు చాలదు. అది సముద్రంలో లంగరు వేసుకుని నిలబడితే, కొబ్బరి పీచుతాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో జనాన్ని అలల మీదుగా తీసుకెళ్లి ఎక్కించేవారు. ఆ తర్వాత పై డెక్ మీద, ఎండకూ వానకూ, మూటల మధ్య నాలుగైదు రోజులు. పొలం తప్ప మరొకటి ఎరగని మనిషికి సముద్రంతో తొలి పరిచయం అది.

1920ల చివరికొచ్చేసరికి ఏటా మూడు నాలుగు లక్షల మంది భారతీయులు రంగూన్ రేవులో దిగేవారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే వలస జనం అంత ఎక్కువగా దిగే రేవులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే ఇంచుమించు అంతమందీ తిరిగి వచ్చేసేవారు. ఇదే ఈ వలసలో అసలు విషయం. స్థిరపడటానికి వెళ్లినవాళ్లు కారు వీళ్లు. రెండు మూడేళ్లుండి, అప్పు తీర్చి, చెల్లెలి పెళ్లికో ఎకరం చెక్కకో సరిపడా తెచ్చుకుని, మళ్లీ చెయ్యి ఖాళీ అయితే మళ్లీ ఓడెక్కేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో 10 లక్షల పైచిలుకు భారతీయులుంటే, అందులో ఆరు లక్షల మంది బర్మా బయట పుట్టినవారే. తెలుగువాళ్లు లక్షన్నర పైమాటే.

సగం ఊరు మనదే!

ఆ లెక్కల్లోనే ఇంకో ఆశ్చర్యం ఉంది. 1931లో రంగూన్ జనాభా నాలుగు లక్షలు. అందులో రెండు లక్షల 12 వేల మంది భారతీయులు. అంటే బర్మా రాజధానిలో బర్మావాళ్లకన్నా మనవాళ్లే ఎక్కువ! తమిళ చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేస్తే, బెంగాలీలు, చిట్టగాంగ్ వాళ్లు పడవలు, స్టీమర్లు నడిపేవారు. రేవులో బస్తాలు మోసేదీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చేదీ, ఊరి పారిశుద్ధ్యం చూసేదీ ఎక్కువగా తెలుగువాళ్లు. ఊళ్లో అంటరానితనం భరించలేక ఓడెక్కినవాళ్లలో చాలామందికి అక్కడా చీపురే చేతికొచ్చింది. సముద్రం దాటితే కులం పోతుందని పెద్దలు భయపెట్టేవారు గానీ, పాపం అది అంత తేలిగ్గా పోలేదు.

బతుకు బ్యారక్‌ల్లో. రాత్రి పాళీకి వెళ్లినవాడి చాప మీద పగటి పాళీవాడు పడుకునేవాడు. ఆడవాళ్లు తక్కువ, మగవాళ్లు ఎక్కువ. అక్కడే బర్మా అమ్మాయిని చేసుకున్నవాళ్లూ ఉన్నారు, రెండు చోట్లా రెండు సంసారాలు నడిపినవాళ్లూ ఉన్నారు. ఇవతలి ఒడ్డున ఆ ఖాళీని నింపుకున్నది ఇల్లాళ్లు. పొలం, పిల్లలు, అత్తమామలు, మేస్త్రీ తరఫు అప్పులవాళ్లు... అన్నీ వాళ్ల నెత్తినే. ఓడ లెక్కల్లో వాళ్ల పేర్లు లేవు కాబట్టి చరిత్రలోనూ పెద్దగా కనిపించరు. నిజానికి రంగం వలసలో సగం కథ వాళ్లదే. సోమరాజు రామానుజరావు ‘రంగూన్ రౌడీ’ నాటకం ఆంధ్రదేశమంతటా ఆడి జనాన్ని కూడగట్టిందంటే, రంగూన్ అనే మాట అప్పటి ఇళ్లల్లోకి ఎంతగా వచ్చేసిందో ఊహించుకోవచ్చు.

మే 26, 1930

సగం ఊరు మనదే అంటే మనకు గొప్పగా ఉంటుంది. మరి ఆ ఊరివాళ్లకు?

1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. స్టీవడోర్ కంపెనీలు పని ఆగకుండా బర్మావాళ్లను పెట్టుకున్నాయి. అప్పటికే ప్రపంచ మాంద్యంతో ధాన్యం ధర పడిపోతోంది. పొలాలు పోగొట్టుకున్న బర్మా రైతులు పని కోసం పట్నానికి వస్తున్నారు. వాళ్లకు రేవులో కూలి దొరకడమే పెద్ద వరం. కొద్ది రోజులకే కంపెనీలు తెలుగువాళ్లతో రాజీకొచ్చాయి. బర్మావాళ్లను పొమ్మన్నాయి. మే 26 పొద్దున పనికి వచ్చిన బర్మావాళ్లు, పనిలోకి తిరిగి వచ్చిన తెలుగువాళ్లు రేవులో ఎదురుపడ్డారు. ముందు ఎగతాళి మాటలు, తర్వాత కర్రలు, ఆ తర్వాత కత్తులు. గొడవ రేవు దాటి ఊళ్లోకి పాకింది. కోరంగీ అయితే చాలు, వెతికి వెతికి కొట్టారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 120 మంది. అసలు సంఖ్య అంతకు రెండింతలకు పైనే ఉంటుందన్నవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది తెలుగు కూలీలే.

రెండు పూటల తిండి కోసం వచ్చిన ఇద్దరు పేదవాళ్లు ఒకరినొకరు చంపుకున్నారు. ఇద్దరినీ మార్చి మార్చి వాడుకున్న కంపెనీలకు మాత్రం ఒక్క రోజు సరుకు ఆలస్యమైందేమో. బర్మావాళ్లది వట్టి ద్వేషమని తేల్చేస్తే సులువే, కానీ న్యాయం కాదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అప్పటిదాకా పక్క జిల్లాకు వెళ్లినట్టు వెళ్లొచ్చినవాళ్లు ఒక్క రాత్రిలో పరదేశీలయ్యారు.

నడిచి వచ్చిన దారి

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ముందు దెబ్బ తిన్నది రేవు. అంటే మనవాళ్లు పనిచేసే చోటే. ఓడ టికెట్ దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు నడిచారు. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు కొందరు, చింద్విన్ నది దాటి మణిపూర్ వైపు కొందరు, ఇంకా పైన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంకు కొందరు. వందల కిలోమీటర్లు. జలగలు, మలేరియా, కలరా, ఆకలి. ఆ దారుల్లోనూ తెల్లవాళ్లకో బాట, నల్లవాళ్లకో బాట! మొత్తం మీద సుమారు అయిదు లక్షల మంది భారత్ చేరారు. దారిలో రాలిపోయినవారు పది వేల నుంచి యాభై వేల దాకా ఉంటారని, ఇంకా ఎక్కువేనని రకరకాల అంచనాలు. ఎవరి సమాధీ లేదు. ఉత్తరాంధ్రలో ‘మా తాత రంగం ఎల్లాడు, మరి రాలేదు’ అనే ఇంట ఆ తాత 1930లో పోయాడో, 1942లో పోయాడో, అక్కడే ఇంకో ఇల్లు కట్టుకున్నాడో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు లేరు.

యుద్ధం అయ్యాక కొందరు మళ్లీ వెళ్లారు. అప్పటికి అక్కడే పుట్టి పెరిగిన తరం ఒకటి తయారైంది. వాళ్లకు అదే సొంతూరు. 1962లో జనరల్ నెవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1963-64లో దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాడు. 1964 మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నాడు. ఈసారి లక్షలాది మంది భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడెక్కారు. మద్రాసు, విశాఖ రేవుల్లో దిగినవాళ్లను మన ప్రభుత్వం ‘బర్మా కాందిశీకులు’ అంది. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావాళ్లు. వాళ్లను వాళ్ల పేరుతో పిలిచిన ఒడ్డేదీ లేదు.

విశాఖలో కంచరపాలెం దగ్గర ‘బర్మా క్యాంప్’ అలా వచ్చిందే. క్యాంపు పోయి కాలనీ అయ్యింది గానీ పేరు పోలేదు. బర్మా నుంచి ఆ కుటుంబాలు తెచ్చుకున్న ఆస్తి ఒకటే, వంట. ఖౌస్వే, మొహింగా అని నూడుల్స్‌లో పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇచ్చే ఆ రుచి ఇప్పుడు విశాఖ కుర్రాళ్లకూ అలవాటైంది. అటువైపు మవ్లమయిన్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

రంగం దారి మూసుకుపోయినా, ఆ తీరం నుంచి జనం కదలడం మాత్రం ఆగలేదు. ఓడ బదులు రైలు, తూర్పు బదులు పడమర. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఇప్పుడు వెళ్లేది గుజరాత్‌లోని వెరావల్‌కు. 2018 నవంబరులో అలా వెళ్లిన కొందరు పొరపాటున సరిహద్దు దాటారని పాకిస్థాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర వదల్లేదు. ‘తండేల్’ సినిమా వచ్చింది ఈ ఘటన ఆధారంగానే. తండేల్ అంటే పడవ నాయకుడు.

కోరంగి వెళ్లాలంటే శీతాకాలం మేలు. పడవ షికారు ఆటుపోట్లను బట్టే ఉంటుంది కాబట్టి ముందుగా కనుక్కుని వెళ్లండి. పుష్య బహుళ అమావాస్య నాడైతే కాకినాడ నుంచి వెళ్లే దారిలోనే చొల్లంగి తీర్థం. గోదావరి పాయ కడలిలో కలిసేచోట వేలమంది స్నానాలు చేస్తారు. పొద్దున్నే బయల్దేరితే స్నానం, అడవి రెండూ ఒకే రోజులో అయిపోతాయి. చెక్కబాట చివరిదాకా నడిచి తూర్పుకేసి తిరిగి నిలబడితే కనిపించేది మడ ఆకులు, బురద, వాటి వెనక నీళ్లు. ఆ నీళ్లకు అవతల రంగం.